చిలకలూరిపేట బస్సులో ఆమెన్

ఇది నేను సముద్రాన్ని జయించిన వీరగాథ. కాదులెండి, చిలకలూరిపేట బస్సులో వణికిన కథ.

స్నేహితులతో అండమాన్‌లో స్కూబా డైవింగ్‌కి వెళ్లాలని విమానం టికెట్లు తీశాను. నాకు ఈత రాదు. బస్సులో కూర్చుని ఫోన్లో డైవింగ్ వీడియోలు చూసేసరికి ప్రయాణం మానేద్దామనిపించింది. టికెట్లు క్యాన్సిల్ చేద్దామని యాప్ తెరవబోతుంటే, ఒళ్లో బైబిలు పెట్టుకున్న పక్క సీటు పెద్దావిడ అడిగింది.

“ఏందయ్యా, అట్టా చెమటలు పడుతున్నాయి?”

“సముద్రం అడుగుకి వెళ్లాలండి. ఈత రాదు.”

“అడుగునేముంది?”

“చేపలండి.”

“మన వాడరేవు సముద్రం దగ్గరైతే చేపలు ఒడ్డుకే వస్తాయిగా.”

అంటూనే నా తలమీద చెయ్యి పెట్టి, బస్సంతా వినేలా ప్రార్థించింది. “ప్రభువా, ఈ బిడ్డని ఎట్టా దించుతావో అట్టానే పైకి తీసుకురా తండ్రీ.”

కండక్టరుతో సహా అందరూ ఆమెన్ అన్నారు. ఇంతమంది అన్నాక మానేస్తే మర్యాద కాదని ఫోన్ జేబులో పెట్టేశాను.

ఆ టికెట్లకు క్యాన్సిల్ సౌకర్యం లేదని ఇంటికెళ్లాక చూశాను.