చకోత తోటలో ఎర్ర చుక్కలు

ఆ రోజు పొద్దున్నే దీపం పెట్టి, పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. కాలేజీలో లెక్కలు చెప్పే చెల్లెలు సుజాత జడ వేసుకుంటోంది. అప్పుడే దేవనహళ్ళిలో మా చకోత తోట, అంటే పంపరపనస తోట, చూసుకునే తమ్ముడు రమణ ఫోను. "చకోత చెట్లు ఎండిపోతా ఉండాయక్కా. తెగులు పాకకుండా చుట్టూ ఉండే చెట్లు కూడా రేపు కొట్టించేస్తా." అలా చేస్తే సగం తోట పోతుంది. "చూడకుండా గొడ్డలి పెట్టొద్దు. వస్తున్నాం" అన్నాను.

బెంగళూరు మెజెస్టిక్‌లో ఏడున్నరకు బస్సెక్కాం. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా గంటన్నరలో దిగాం. టికెట్టు వంద రూపాయల లోపే. అక్కడి నుంచి ఆటో. "చకోత తోటకా? ఈ ఊర్లో ఇంకా తోటలుండాయా అమ్మా? అన్నీ ఇళ్ళ సైట్లయిపోయె!" అన్నాడు డ్రైవరు. "మాది ఉంటుందప్పా" అన్నాను.

రమణ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "లెక్కల టీచరు వచ్చెనే! చెట్లకు ఎక్కాలు చెప్తావా?"

"ముందు నీకు చెప్తాలే అన్నా, నడు" అంది సుజాత.

వరస వరసా తిరిగి ఫోనులో తోట పటం మీద బాగున్న చెట్టుకు పచ్చ చుక్క, ఎండిన చెట్టుకు ఎర్ర చుక్క పెట్టాం. తర్వాత సుజాత ల్యాప్‌టాప్‌లో రెండు లెక్కలు నడిపింది. తెగులు ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు దూకేదైతే ఎరుపు నూనె మరకలా అన్ని వైపులా పరుచుకుంటుంది. నీళ్ళతో పోయేదైతే పల్లం వైపు చారలా సాగుతుంది. మా ఎర్ర చుక్కలు చారలోనే పడ్డాయి, కాలువ వెంబడే.

"నీళ్ళు పెట్టడమే తప్పంటావా?" అన్నాడు రమణ.

"నీళ్ళు కాదు, అన్నిటికీ ఒకే కాలువ పెట్టడం. లెక్క రోగం పేరు చెప్పదన్నా. ఎక్కడ తవ్వాలో చెప్తుంది."

చార కొసన ఒక చెట్టు పచ్చగా, నిండా కాయలతో ఉంది. పండగ బేరానికని రమణ అట్టిపెట్టుకున్నది. దాని మొదలు దగ్గర తవ్వితే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి, పట్టుకుంటే తోలు ఊడొచ్చింది. ఎండిన చెట్టుకు పక్కనే, కాలువకు ఎడంగా ఉన్న ఇంకోదాని వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. రమణ కొట్టాలనుకున్నది ఈ మంచి వేళ్ళ చెట్టును, వదలాలనుకున్నది ఆ కాయల చెట్టును.

ఏదొచ్చినా దేవుణ్ణి అడగడం నాకు అలవాటు. కళ్ళిచ్చాడు కాబట్టి ముందు చూసి, తర్వాత అడగాలనిపించింది. తోటలు చూడబోయేవాళ్ళకు ఒక్క మాట: ఒక తోట నుంచి ఇంకో తోటలో అడుగు పెట్టేముందు చెప్పుల మట్టి కడుక్కోండి, తెగులు దాంతోనూ పోతుంది.

ఆ సాయంత్రం ముగ్గురం వసారాలో కూర్చుని తేల్చుకున్నాం. మట్టిని పరీక్షకు పంపాలి. కాలువ పూడ్చి చెట్టుకో గొట్టం వేయాలి. పక్క చెట్ల జోలికి పోకూడదు. కాయల చెట్టు మాత్రం పొద్దున్నే కొట్టాలి.

"కాయలు పండినాక కొట్టొచ్చు కదక్కా?" అన్నాడు రమణ.

"ఈలోపల వాన పడితే? ఆ కుళ్ళు కింది చెట్లకు పోదా?"

కూలీలు వద్దు, ఆ చెట్టును తనే కొడతానన్నాడు రమణ.