జానెడు నీళ్ళు దిగితే చాలు

చిన్నప్పుడు మా ఊరి చెరువు నిండకూడదని నేను దేవుడికి మొక్కుకునేదాన్ని. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మబ్బు పట్టిందంటే ఊరంతా వీధిలోకి వచ్చి ఆకాశం వైపు చూసే మా పుత్తూరు పక్క పల్లెల్లో అలాంటి మొక్కు మొక్కిన పిల్ల ఇంకొకతె ఉంటుందని నేననుకోను.

ఈ ఉదయం తిరుపతిలో ప్రయోగశాలకు బయలుదేరుతుండగా పిన్నమ్మ ఊరి నుంచి తనకు వచ్చిన చిన్న వీడియో ఫోనులో పంపింది. చెరువు మొరవ పోతోంది. నిండిన చెరువు పొర్లే చోటును మావైపు మొరవ అంటారు. పలక డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్ళు ఎర్రటి నీళ్ళలో పసుపు కుంకుమ చల్లుతున్నారు, ఎవరో గంగమ్మకు టెంకాయ కొడుతున్నారు. బస్సులో ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాను. అందరూ కట్టమీది జనాన్ని చూసి ఉంటారు, నేను మాత్రం వాళ్ళ వెనక నీళ్ళు ఎంతవరకు పరుచుకున్నాయో చూశాను.

మా పొలం చెరువు కట్టకు లోపలి పక్కన, నిండితే నీళ్ళు వెనక్కి తన్నే అంచున ఉండేది. కట్టకు అవతలి చేలన్నీ ఆ నీటితో పండేవి, ఇవతల ఉన్న మా మడి ఆ నీటిలో మునిగేది. కరువు సంవత్సరాల్లో ఊరంతా ఎండిపోతే చెరువు తేమకు మా మడి ఒక్కటే పచ్చగా ఉండేది, మంచి సంవత్సరాల్లో ఊరంతా పండగ చేసుకుంటుంటే మా నాయన ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి, వాళ్ళతోపాటు తానూ టెంకాయ కొట్టి వచ్చి, కలిపిన అన్నం తినకుండానే కంచం పక్కకు జరిపేవాడు. ఊరి సంతోషానికి ముఖం చాటేస్తే కడుపుమంట అంటారని ఆయన భయం. నా మొక్కు ఆ అన్నం ముందు పుట్టింది.

బడికి పోయే రోజుల్లో ఒకసారి బాగా గుర్తుంది. అప్పుడు మేము వేసేది తాత కాలం నాటి పొడుగు వరి. నీళ్ళు పెరిగే కొద్దీ అదీ పెరిగింది. రాత్రి మునిగిన కొనలు పొద్దునకల్లా నీళ్ళ పైకి తేలి కనబడేవి. నాయన నన్ను భుజాన ఎక్కించుకుని చూపించాడు.

"సూడు పాపా, నీళ్ళతో పందెం కడతాండాది!"

మేము గెలిచామనే అనుకున్నాము. తీరా నీళ్ళు దిగాక ఆ కాడలన్నీ తలంటుకున్న జుట్టులా బురదమీద ఒకే వైపుకు పడిపోయాయి. వేళ్ళతో ఒత్తితే మెత్తగా నలిగాయి, గింజ తాలయింది. అంత తొందరగా ఎట్లా పెరిగింది, పెరిగింది ఎందుకు నిలబడలేకపోయింది అనే ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలలేదు. నలుగురిలో నోరు తెరవని పిల్లకు పుస్తకాలే దిక్కు కదా, ఆ ప్రశ్న పట్టుకునే తిరుపతి దాకా వచ్చాను.

నగరిలో మా పిన్నమ్మ ఇంట్లో, మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలుకు గంజి పెట్టడం చూసిన నాకు, అక్కడ కాలేజీలో చెప్పిన వరి కాడ పాఠం సులువుగానే అర్థమైంది. కాడలో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడ నిండా సన్నని పోగులు, పోగుల మధ్య గంజిలా పట్టి ఉంచే పదార్థం, అక్కడక్కడ దాన్ని ముడివేసే కొన్ని ఆమ్లాలు. మొక్క మునిగితే బయటికి పోలేని వాయువు ఒకటి లోపల పేరుకుంటుంది. పొడుగు వరిలో అది ఆ పట్టును సడలిస్తుంది, సడలిన గోడను కణంలోని నీరు తోస్తుంది, కాడ సాగుతుంది. సాగే తొందరలో ముడులు సరిగా పడవు. ఇంకొక రకం వరి ఉంది. అది మునిగితే గోడను సడలనివ్వదు. సాగదు, ఉన్న తిండిని దాచుకుని కదలకుండా ఉంటుంది, పది పదిహేను రోజుల్లో నీళ్ళు దిగితే మళ్ళీ చిగురు వేస్తుంది.

నేను పై చదువులో చేరిన సంవత్సరం నాయన ఇంకొక్క పంట చూస్తాననీ, అదీ పోతే మడి వదిలేసి నగరి మగ్గాల పనికి పోతాననీ అమ్మతో చెప్పాడు. అప్పుడు ఆ రెండో రకం విత్తనం మా సారును అడిగి తీసుకుని ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నేలమీద పుల్లతో గీసి మరీ చెప్పాను. నాయన చాలాసేపు ఆ గీతలు చూసి, "అయితే ఇది ఊపిరి బిగబట్టుకోని కూసునే రకం అంటావ్" అన్నాడు. అదే మడికంతా వేశాడు.

కార్తీకంలో తుపాను పట్టింది, చెరువు నిండింది. మా వరి కొనల మీద జానెడు నీళ్ళు నిలిచాయి. వాన ఆగినా నీళ్ళు దిగలేదు. కట్టమీద పోయేవాళ్ళు ఊరికే పోతారా?

"ఏమప్పా, నీ కూతురు తెచ్చిన వరి నీళ్ళలో తపస్సు చేస్తాండాదా?"

"వరం ఇచ్చే దేవుడు దిగొచ్చే దాకా లెయ్యదంటలే!"

నాయన వాళ్ళతోపాటు నవ్వేవాడు. వారం దాటాక నేను నడుము లోతు నీళ్ళలోకి దిగి ఒక దుబ్బు పెరికి చూశాను. ఆకులు పాలిపోయి వేలాడుతున్నాయి గానీ కాడ జిగురు పట్టలేదు. గోటితో చీల్చితే లోపల తెల్లగా, గట్టిగా ఉంది. బతికే ఉంది. జానెడు నీళ్ళు దిగితే కొనలకు గాలి అందుతుంది. తూము తెరిస్తే ఆ జానెడు దిగుతుంది.

తూము దగ్గర ఆయకట్టు రైతులంతా కూడారు. వాళ్ళకు పెద్ద, నాకు మామ వరస అయ్యే ఆయన రాయిమీద కూర్చుని ఉన్నాడు, నీళ్ళు వదిలే నీరుగంటి పక్కన నిలబడి ఉన్నాడు. నాయన వద్దన్నాడు. ఊరి నీళ్ళు మన కోసం అడగడమేమిటన్నాడు. అయినా వెళ్ళాను. జీవితంలో అంతమంది ముందు మాట్లాడడం అదే మొదలు. కాడ గురించి, గోడల గురించి, జానెడు నీళ్ళ గురించి చెప్పాను. చేతిలో చీల్చిన కాడ చూపించాను. ఎవరూ నవ్వలేదు. ఆ కాడ చేతులు మారింది. మామ దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"బాగుండాది పాపా. ఇన్నేండ్లకు నిండిన చెరువు. మల్లా వాన పడకపోతే యండల్లో ఈ జానెడే మాకు ప్రాణం. అయినా వదలమంటే వదులుతాం, మనోడి మడి. ఒక్క మాట సెప్పు. వదిలితే కచ్చితంగా బతుకుతాదా?"

మేము వరిని ముంచి పరీక్షించే కాలేజీ తొట్లలో నీళ్ళు తేటగా ఉంటాయి, వెలుతురు అడుగుదాకా పోతుంది. ఇక్కడివి ఎర్రమట్టి నీళ్ళు, చేయి ముంచితే వేళ్ళు కనబడవు. వెలుతురు అందని మొక్క దాచుకున్న తిండిని ఎంత తొందరగా తినేస్తుందో, ఆ తరువాత గోడల పట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అవునని ఒక్క మాట అంటే నీరుగంటి చేయి తూము మీద పడుతుంది. అందరూ నా నోరే చూస్తున్నారు. నాయన కూడా.

"చెప్పలేను మామా" అన్నాను.

మామ ఆ కాడను నా చేతిలో పెట్టాడు. "తెలీనిదానికి ఊరి నీళ్ళు యెట్లా వదిలేది తల్లీ?" అన్నాడు, కోపంగా కాదు. దారిలో నాయన, "ఆయప్ప అడిగింది న్యాయమే" అని మాత్రం అన్నాడు.

నీళ్ళు దిగేసరికి నెల దాటింది. మడి నల్లగా కుళ్ళి వాసన వేసింది. గట్టు వారన, కాస్త మెరకలో, కొన్ని దుబ్బులు మాత్రం పచ్చటి పిలకలు వేశాయి. అవి కూడా చచ్చి ఉంటే నాకు ఏదో ఒకటి తెలిసేది. ముందుగా నీళ్ళు వదిలి ఉంటే మడంతా అట్లా లేచేదో, ఆ కొన్నే బతకగలిగినవో, ఇప్పటికీ తెలియదు. నాయన వాటి మధ్య గొంతుకూర్చుని ఒక్కొక్క కాడనూ వేళ్ళతో ఒత్తి చూసి లేచాడు. ఆ నెలలోనే నగరికి పనికి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ మడిలో ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. చెరువు నిండితే మునిగేది మాదంటూ ఏమీ లేదు కనుక ఊరి ఆడవాళ్ళతోపాటు నేనూ నిశ్చింతగా పసుపు కుంకుమ చల్లవచ్చు. ఎవరూ మమ్మల్ని ఎగతాళి చేయరు, ఎవరూ జాలిపడరు. ఆ కట్టమీద వినబడిన వెటకారపు మాటలు కూడా ఇప్పుడు నాకు సొంతవాళ్ళ మాటల్లా అనిపిస్తాయి. ఈ రోజంతా ప్రయోగశాలలో, మట్టి కలిపిన నీళ్ళలో మునిగి ఉన్న వరి కాడలను సన్నగా కోసి, ఏ గోడలో పట్టు ఎంత మిగిలిందో చూస్తూ కూర్చున్నాను. కొంత తెలిసింది. మామ అడిగిన దానికి జవాబు చెప్పేంత కాదు.

నాయనను చివరిసారి చూసింది పుత్తూరు బస్టాండులో. నేను తిరుపతి బస్సు ఎక్కాను, ఆయన నగరి బస్సు కోసం నిలబడ్డాడు. చదువు మానేసి ఇంట్లో ఉంటానని నేను అమ్మతో అన్న మాట ఆయన చెవిన పడిందని నాకు తెలియదు. ఆ వేసవిలోనే, మగ్గం షెడ్డులో అన్నం తిని పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. బస్టాండులో ఆ రోజు నా బస్సు కదిలాక కిటికీ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచి, ఇంజను మోతలో నాకు వినబడాలని గట్టిగా అన్నాడు:

"సదువు మానబాక పాపా. అది బతికేదా సచ్చేదా కనుక్కో. తెలిసినాక వచ్చి నాకు సెప్పు."