పేపర్ ప్లేట్లు తెచ్చేవాళ్లు

మా స్కీ ట్రిప్పుకి పేపర్ ప్లేట్లు ఎవరు తేవాలని ఎవరూ అడగరు. బ్యాచిలర్లు తేవాలి. ప్లేట్లు, గ్లాసులు, కూల్ డ్రింకులు వాళ్లవి. కూరలు, పులిహోర, పెరుగన్నం ఫ్యామిలీలవి. న్యూజెర్సీలో పార్సిప్పనీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం కొందరం ఏటా ఫిబ్రవరి సెలవుల్లో వెర్మాంట్‌లో ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుంటాం. పగలంతా కొండ మీద మంచులో జారడం, ఆకలేస్తే ఇంటికొచ్చి తినడం. ఈ ప్లేట్ల నియమం ఎవరు పెట్టారో తెలియదు. పెళ్లికాని మగవాడికి వంట రాదని మన ఊళ్లలో ఒక లెక్కుంది కదా, అదీ మాతోపాటే విమానం ఎక్కి వచ్చినట్టుంది.

పడకలకూ అదే లెక్క. ఫ్యామిలీలకు తలుపులున్న గదులు. బ్యాచిలర్లకు బేస్‌మెంట్‌లో బంక్ బెడ్లు.

ఫ్యామిలీ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా విజయవాడలో ఒక ప్రెస్సులో, చేత్తో తిరగేసి కూర్చిన సీసపు అక్షరాల్లోంచి వచ్చింది. ఆ రోజుల్లో ఒక గది కోసం గవర్నరుపేట సందులన్నీ తిరిగాను. ‘టు లెట్’ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న, “ఫ్యామిలీయా?” కాదంటే తలుపు మూసేసేవారు. కాఫీ హోటల్‌కి వెళ్తే అక్కడా తెరలు కట్టిన గదులు, వాటి మీద ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని బోర్డు. ఆ బోర్డుకి అక్షరాలు రాసినవాడు కూడా నాలాగే బయట బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు.

తరవాత నర్సు ఉద్యోగం చేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. ఆవిడ ఉద్యోగం మీదే అమెరికా వచ్చాం. ‘పెళ్లాం వీసా మీద వచ్చినోడు’ అని నా వెనకాల నవ్వినవాళ్లు పేర్లతో సహా గుర్తున్నారు. రాయను.

ఇక్కడి ప్రెస్సులో నాతో పనిచేసే ఒకాయన ఒక శనివారం నన్ను కొండకి తీసుకెళ్లాడు. లైబ్రరీ పుస్తకం చూసి కొంత, మంచులో బోర్లాపడి కొంత, స్కీయింగ్ నేర్చుకున్నాను. స్కీ అంటే ఒక్కో కాలికి ఒక్కో సన్నటి పొడుగాటి పలక. స్నోబోర్డు అంటే రెండు కాళ్లూ ఒకే పలక మీద. తేడా అంతే. అయినా అప్పట్లో చాలా కొండల మీద బోర్డు వాళ్లని కొండ పైకి మోసుకెళ్లే కుర్చీల లిఫ్ట్ ఎక్కనిచ్చేవారు కాదు. మంచు పాడు చేస్తారు, మర్యాద తెలియదు, పిల్లలు చూసి చెడిపోతారు అనేవారు. లిఫ్ట్ దగ్గర ‘స్కీలకు మాత్రమే’ అన్న బోర్డు చూసినప్పుడల్లా నాకు గవర్నరుపేట గుర్తొచ్చేది. అప్పుడు అలా అన్నవాళ్ల మనవలు ఇప్పుడు బోర్డుల మీదే తిరుగుతున్నారు. కొండకి ఏమీ కాలేదు.

ఇక, ఏటా ప్లేట్లు తెచ్చే ఇద్దరి గురించి. ఒకతను గుంటూరు వైపు నుంచి, స్కీ. ఇంకొకతను వరంగల్, బోర్డు. చదువుకోవడానికి వచ్చి ఇక్కడ కలిశారు. ఇద్దరికీ నలభై దగ్గర పడుతున్నాయి. గే అని మా వాళ్లందరికీ తెలుసు. టౌన్ హాల్లో పెళ్లి చేసుకున్నారు, సాక్షి సంతకం నాదే. ఆ సాయంత్రం వాళ్లింట్లో విందుకి మా స్కీ గ్రూపు దాదాపు అంతా వచ్చింది, తిన్నది, ఫొటోలు దిగింది.

మా గ్రూపు పిల్లల్లో చాలామందికి మంచు మీద నిలబడడం నేర్పింది ఆ వరంగల్ అతనే. “మోకాళ్లు ఒంచు బిడ్డా. పడితే పడు, ఏం గాదు. చేతులు మాత్రం కింద ఆనియ్యకు, పిడికిలి కట్టు,” అంటూ పక్కనే జారుతూ వెళ్తాడు. తల్లిదండ్రులు కింద నిలబడి వీడియోలు తీసుకుంటారు. సాయంత్రానికి అదే మనిషి, తన భర్తతో కలిసి, బేస్‌మెంట్‌లో పై బంక్ ఒకరు కింది బంక్ ఒకరు. పెళ్లయ్యాకా అంతే. ప్లేట్లూ వాళ్లవే.

పోయినేడాది లిఫ్ట్ మీద ముగ్గురం కూర్చున్నాం. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. వరంగల్ అతను అన్నాడు, “అంకుల్, వచ్చేసారి మేం రాకపోవచ్చు. ఈయన మనసుల మస్తు బాధ పెట్టుకుంటుండు.”

“బంక్ బెడ్ గురించి కాదు బాబాయ్,” అన్నాడు గుంటూరు అతను. “మా ఇంట్లో వంట నాదే కదా. మీరంతా తిన్నారు కూడా. ఇక్కడికొచ్చేసరికి ప్లేట్లు పట్టుకురా అంటారు. పెళ్లికొచ్చి తిన్నవాళ్లే!”

ఈ జనవరిలో ట్రిప్పు చూసుకునే మేనేజరు గారికి ఫోన్ చేశాను. చెడ్డవాడు కాదు. అందరికీ మంచు బూట్లు సరిపోయాయా అని తిరిగి తిరిగి చూసే మనిషి.

“నాకేం ప్రాబ్లం లేదు బాబాయ్ గారూ, నేను చాలా బ్రాడ్ మైండెడ్. కానీ మిగతా ఫ్యామిలీస్ ఉంటాయి. పిల్లలు అడిగితే ఏం చెప్తాం చెప్పండి?”

“వాళ్లూ ఒక ఫ్యామిలీ అని చెప్పండి.”

“అక్కడే కదండీ ఇబ్బంది.”

“మా ఆవిడ పోయి చాలా కాలమైంది. ఏటా నాకు మేడ మీద తలుపున్న గది ఇస్తున్నారు. ఈ ముసలాయన ఏ ఫ్యామిలీ అని ఏ పిల్లాడైనా అడిగాడా? భార్య ఇండియా వెళ్లిందన్న వాడికీ పోయినేడు గది ఇచ్చారు. పక్కన లేని భార్యలకి గదులున్నాయి, పక్కనే ఉన్న మనిషికి లేదా?”

“అయ్యో, మీ సంగతి వేరు కదండీ,” అన్నాడు. ఆ వెంటనే, “చూద్దాం లెండి,” అన్నాడు. మనవాళ్ల ‘చూద్దాం’ ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు. ఎవరికే గది, ఎవరేం తేవాలి అన్న జాబితా మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. ఆ ఇద్దరికీ బేస్‌మెంట్, ప్లేట్లు. గ్లాసులు, కూల్ డ్రింకులు కింద వాళ్లతోపాటు పడుకునే స్టూడెంట్ కుర్రాళ్లకి.

వాళ్లకి ఫోన్ చేసి, నా గది తీసుకోండయ్యా అన్నాను.

“మీ గది మాకెందుకు బాబాయ్?” అన్నాడు గుంటూరు అతను. “మీరు జాలిపడి ఇచ్చారని అందులో పడుకుంటే మేం మీ గెస్టులం అవుతాం, అంతే. ఈ ఒక్కసారి వస్తాం. ప్లేట్లు మాత్రం తేం. అప్పటికీ ఇంతే అంటే, మాకిక ఈ ట్రిప్పు వద్దు.”

అతను చెప్పింది నిజం. తలుపు మూసుకునే హక్కు ఒకరిస్తే తీసుకునేది కాదు.

శనివారం మధ్యాహ్నం అందరం కొండ దిగి వచ్చాం. తడి సాక్సులతో పిల్లలు, హీటర్ల మీద చేతి గ్లవ్‌లు, వంటింటి గట్టు మీద వరుసగా రేకు ట్రేలు. ఆ ఇద్దరూ కారులోంచి ఒక పెద్ద ట్రే మోసుకొచ్చి గట్టు మీద పెట్టారు. మేనేజరు గారి భార్య వాళ్ల చేతులు చూసింది.

“ప్లేట్లు కార్‌లోనే ఉన్నాయా?”

“ప్లేట్లు తేలేదక్కా. కూర తెచ్చాం,” అన్నాడు గుంటూరు అతను.

“కూరేంటి? మరి ప్లేట్లు?”

“ఫ్యామిలీలు కూర తేవాలి కదక్కా.”

అల్మారాలో ఉన్న పింగాణీ ప్లేట్లు పిల్లలకే చాల్లేదు. పెద్దవాళ్లం ఘుమఘుమలాడే ట్రేల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. “దోసిట్లో పోయించుకుందామా ఏంటి?” అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

మేనేజరు గారు నా వైపు తిరిగాడు. “ఇది మీ ఐడియానా బాబాయ్ గారూ?”

“నాకంత తెలివుంటే ఎప్పుడో చేసేవాణ్ణి.”

ఆయన భార్య ట్రే మీది రేకు తీసింది. గుత్తి వంకాయ. నువ్వులూ పల్లీలూ వేసిన గ్రేవీ మీద నూనె తేలుతోంది. “ఇద్దరూ కలిసి చేశారా?” అని అడిగింది.

“ఈయనే చేసిండక్కా. నేను వంకాయలకు గాట్లు పెట్టిన, గంతే,” అన్నాడు వరంగల్ అతను.

ఆవిడ తన బంగాళదుంప వేపుడు పక్కకి జరిపి, ఆ ట్రేని వరుస మధ్యలో పెట్టింది. పెట్టి, భర్తతో అంది, “అలా నిలబడ్డారేంటి? వెళ్లి ప్లేట్లు పట్టుకురండి. రోడ్డు జారుతుంది, మెల్లగా వెళ్లండి.”

ఆయన వచ్చేదాకా ఆగలేక రేకు మూతల్లో, కాఫీ కప్పుల్లో తిన్నాం. నాకు పెరుగు డబ్బా మూత దొరికింది. ఒక కుటుంబం మాత్రం ఆ వంకాయ కూర ముట్టలేదు. పక్కకి వెళ్లి శాండ్‌విచ్‌లు చేసుకున్నారు. నేను చూశాను. నేను మరిచిపోయే రకం కాదు.

మేనేజరు గారు జాకెట్ మీద మంచుతో తిరిగొచ్చి ప్లేట్ల కట్ట గట్టు మీద పెట్టాడు. “సరే, వచ్చే ఏడాది ఇవెవరు తెస్తారు?” అన్నాడు, సగం నవ్వుతూ.

“నేను తెస్తాను,” అన్నాను. “నా బ్యాగ్ కూడా కిందికి దించుకుంటాను. కుర్రాళ్లని పక్కనపెడితే ఈ ఇంట్లో ఒంటిగాణ్ణి నేనే కదా.”

మా ఆవిడ పోయాక ‘ఒంటిగాణ్ణి’ అన్న మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అనేశాక గుండె కాస్త కుంగింది, కాస్త తేలికయింది.

మేనేజరు గారు ప్లేట్ల కట్ట విప్పుతూ ఉండిపోయాడు. తరవాత తలెత్తకుండానే ఆ ఇద్దరితో అన్నాడు, “మేడ మీద ఎడం వైపు రూమ్. మీదే.”

“అది బాబాయ్‌ది కదండీ,” అన్నాడు గుంటూరు అతను.

“కాదు, మీదే. వచ్చే ఏడాదీ మీదే. బుకింగ్‌లో అలాగే పెడతాను.”

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వరంగల్ అతను బేస్‌మెంట్‌కి వెళ్లి ఇద్దరి బ్యాగులూ పట్టుకొచ్చాడు. మెట్ల దగ్గర నేను దిగుతూ, వాళ్లు ఎక్కుతూ ఎదురుపడ్డాం.

కింద ఆ స్టూడెంట్ కుర్రాళ్లు నాకు కింది బంక్ వదిలిపెట్టారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, “అంకుల్, మీరు గురక పెడతారా?”

“పెడతానని మా ఆవిడ అనేది,” అన్నాను.

వచ్చే ఏటి ప్లేట్లు అప్పుడే కొనేశాను, గరాజ్‌లో ఉన్నాయి. గట్టివే తెచ్చాను. పల్చటివైతే గుత్తి వంకాయ గ్రేవీకి వంగిపోతాయి. ఆ శాండ్‌విచ్ కుటుంబం కూడా వస్తోందట. వాళ్లకీ సరిపోతాయి.