అసెంబ్లీకి పోయిన కంబళి

మాది అనంతపురం వైపు గొర్రెల కాపరుల పల్లె. కొన్నేళ్ల కిందట మా ఎమ్మెల్యే అసెంబ్లీలో కరువు గురించి మాట్లాడాలని, కాపరి వేషంలో పోవడానికి మా నాయన కంబళి అడిగి తీసుకున్నాడు. కొత్తది వద్దు, వాడిందే కావాలన్నాడు. టీవీలో ఆయన భుజాన దాన్ని చూసి ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

కంబళి మాత్రం తిరిగి రాలేదు. వేరేది కొందామంటే నాయన ఒప్పుకోలేదు. "ఎమ్మెల్యే మాటిచ్చినాడు పాపా, నాది నాకొస్తాది" అనేవాడు. ఆ చలికాలమే దగ్గుతో తీసుకొని తీసుకొని పోయాడు.

మా ఇంట్లో ఎవరు పోయినా వాళ్ల కంబళి కప్పే సాగనంపుతాం. శవాన్ని వాకిట్లో ఉంచి నేను ఎమ్మెల్యే ఆఫీసుకు పరుగెత్తాను. కంబళి అక్కడ గోడమీద అద్దాల పెట్టెలో ఉంది. చిరిగిన మూలకు నేను ఎర్ర దారంతో వేసిన కుట్టు ఎదురుగా కనిపిస్తోంది.

"అన్నా, నాయన పోయినాడు. మా కంబళి ఇయ్యన్నా, కప్పాల" అని పీఏను బతిమాలాను.

"ఎలక్షన్లొస్తాండాయమ్మా, సారు మళ్లా కప్పుకోవాల. ఆ కుట్టు కనపడేటట్టు పెట్టమన్నది కూడా సారే" అంటూ ఒక పార్టీ కండువా నా చేతిలో పెట్టాడు.

అద్దం పగలగొట్టాలనిపించింది. కానీ ఆఫీసులో ఉన్న అంతమంది ముందు "సరేన్నా" అని వచ్చేశాను. నాయనకు నా పాత దుప్పటే కప్పాం.

ఇప్పటికీ ఏ నాయకుడైనా మా వేషంలో టీవీలో కనబడితే ఊరు చప్పట్లు కొడుతుంది. ఆ కంబళి లేక ఏ ఇంట్లో ఎవరు వణుకుతున్నారోనని నా చేతులు లేవవు.