ఆషాఢంలో బిల్లు, శ్రావణంలో బండి

2016 ఏప్రిల్ 4, సోమవారం నాడు విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక కార్ల షోరూంలో వారంటీ విభాగం నా చేతికి వచ్చింది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు అక్కడే విడిభాగాల స్టోరు చూశాను. కొత్త హోదా వారంటీ ఇన్‌చార్జి: సర్వీస్ మేనేజరుకు కింద, సూపర్‌వైజర్లకు పైన. తయారీ లోపం వల్ల బండిలో ఏదైనా పాడైతే కంపెనీ ఖర్చుతో బాగుచేయించాలి. వాడకం వల్ల పాడైతే ఆ మాట కొన్నవాళ్ల ముఖం మీదే చెప్పాలి. ఈ రెండో పని వల్ల నన్ను చూసి సంతోషించినవాళ్లు తక్కువ.

మేము అమ్మే బండికి మొదటి రెండేళ్లు వారంటీ ఉచితం. అవి నిండేలోగా డబ్బు కడితే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. నిండిన మర్నాడు వస్తే పొడిగింపు లేదు.

2018 ఆగస్టు 6న ఉయ్యూరు నుంచి చెరకు రైతు కోటేశ్వరరావు గారు, ఆయన భార్య రత్నకుమారి గారు ఆ పొడిగింపు కోసమే వచ్చారు. బండి నడిపింది ఆవిడ. క్లచ్ లేని ఆటోమేటిక్ బండి కావడంతో యాభై దాటాక దానిమీదే నేర్చుకున్నారట. ఆయనకు చూపు మందగించి స్టీరింగ్ వదిలేశారు. మైలవరంలో మంచాన ఉన్న తన అక్కగారిని చూడటానికి ఆవిడ వారం వారం అందులోనే వెళ్లి వస్తున్నారు.

కంప్యూటరులో బండి నంబరు కొడితే, వారంటీ జూలై 27తో ముగిసిందని వచ్చింది. అదే చెప్పాను.

“అయిపోవడమేంటండీ? శ్రావణ శుక్రవారం నాడు కదా తీసుకెళ్లాం! ఇంకా ఐదు రోజులుంది” అన్నారావిడ.

“చూశారా మేడం గారూ, ఈవిడ ఆషాఢం పట్టింపు ఎంత పని చేసిందో” అన్నారాయన.

“ఆషాఢం ఆఫరని ఎగేసుకుంటూ వచ్చి బిల్లు రాయించిందెవరు? నేనా?”

“బండిని ఇంటికి తేవద్దని పదిహేను రోజులు వీళ్ల షెడ్డులో పెట్టించిందెవరు? నేనా?”

మా వైపు చాలా ఇళ్లలో ఆషాఢంలో కొత్త వస్తువు ఇంట్లో అడుగు పెట్టదు. అందుకే ఆ నెలలో అమ్మకాలు పడిపోతాయి, తగ్గింపులు పెరుగుతాయి. వీరింట్లో ఆయనకు తగ్గింపు కావాలి, ఆవిడకు మంచిరోజు కావాలి. ఇద్దరి మాటా నెగ్గింది. బిల్లు 2016 జూలై 28న అయింది. బండి ఆగస్టు 12న కదిలింది.

అంతలో ఆయన గొంతు మారింది. “వారంటీ లేకపోతే ఈ బండి మనకొద్దు రత్నా. ఆ గేర్‌బాక్సు పోయిందంటే తట్టుకోలేం. అమ్మేద్దాం. మైలవరానికి బస్సుందిగా.”

ఆవిడ బల్ల మీదున్న తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు.

ఇద్దరికీ కాఫీ తెప్పించి, కంపెనీ వారంటీ షరతులు మొదటి నుంచి చదివాను. ‘మొదటి యజమానికి వాహనం అప్పగించిన తేదీ నుంచి’ అని ఉంది. బిల్లు తేదీ ప్రసక్తే లేదు. రెండూ ఒకే రోజు జరుగుతాయనుకుని కంప్యూటరు బిల్లు తేదీని పట్టుకుంది. దాన్ని మార్చే అధికారం నా హోదాకు లేదు. ప్రధాన కార్యాలయంలోని వారంటీ అధికారి అనుమతించాలి, అదీ ఆగస్టు 11 లోపల.

ఆ అధికారి ఉత్తరాది మనిషి. డబ్బంతా కట్టినవాడు బండిని వదిలేసి బస్సెక్కి ఇంటికి ఎందుకు వెళతాడన్నది ఆయన సందేహం. ఫోనులో ఆషాఢ మాసం గురించి ఇంగ్లీషులో వివరించడం నా ఉద్యోగంలో అదొక్కసారే. ఓపిగ్గా విన్నారు. అప్పగింత నాటి ఫొటో పంపమన్నారు. బండి తనిఖీ కూడా చేయించమన్నారు.

ప్రతి బండినీ అప్పగించేటప్పుడు తేదీ ఉన్న బోర్డు పక్కన పెట్టి ఫొటో తీయడం షోరూం ఆనవాయితీ. వీరి ఫొటో వెతికి తీశాం. చక్రాల కింద నిమ్మకాయలు, డ్రైవరు సీట్లో కోటేశ్వరరావు గారు, బయట హారతి పళ్లెంతో ఆవిడ.

“ఆ రోజు నన్ను ముందు సీట్లో కూడా కూర్చోనివ్వలేదండీ” అన్నారావిడ.

“అప్పటికి నీకు హారన్ ఎక్కడుందో తెలీదుగా.”

“ఇప్పుడు మీకు కనపడదుగా.”

అందరికంటే ముందు ఆయనే నవ్వారు.

తనిఖీకి ఆవిడనే నడపమన్నాను. మా ఫోర్‌మన్ పక్కన కూర్చుని బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాడు. గేర్‌బాక్సు బాగుందని రాసి, మన టెస్ట్ డ్రైవర్లను వారం రోజులు ఈవిడ దగ్గరికి పంపితే మంచిదని నాతో అన్నాడు. సర్వీసులు కూడా ఒక్కటీ తప్పలేదు.

గురువారం సాయంత్రం అనుమతి వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ దిగారు. డబ్బు కట్టించుకునే ముందు, ఈ వారంటీ వేటికి వర్తించదో చదివి వినిపించాను. చెరకు తోటల ఊళ్ల నుంచి వచ్చే బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలు. దానికి కంపెనీ పూచీ ఉండదు.

“అయితే ఎలకల సంగతి నువ్వే చూసుకో” అని ఆయన భార్యతో అని, అంతటితో ఊరుకోలేదు. “ఇవాళా ఆషాఢమేగా, మరి వారంటీ కొనొచ్చా?”

“ఇది కాగితమండీ. వస్తువు కాదు” అంటూ ఆవిడ సంతకం పెట్టేశారు.

బండి అమ్మలేదు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సర్వీసుకు ఆవిడే నడుపుకుని తెచ్చారు, పక్క సీట్లో ఆయన దారి చెబుతూ.

ఆ ఏడాది నుంచి, బిల్లు ఎప్పుడైనా సరే, బండి అప్పగించిన రోజునే ఆ తేదీ విడిగా నమోదు చేసే పద్ధతి పెట్టించాను. గడువు దాటిందని ఎవరికైనా చెప్పే ముందు, అది ఏ రోజు మొదలైందో వాళ్లను అడగాలి. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే. పదవీ విరమణ చేసే రోజు దాకా అడిగాను.