కేకకు పలికిన తోట

దెయ్యాలున్నాయని చెప్పేవాళ్ళతో నేను వాదన కూడా పెట్టుకోను. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. కొలతకు నిలబడని వస్తువును పక్కన పెట్టడమే నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే బుద్ధి. మా అత్తగారు ఉన్న రోజుల్లో దిష్టి తీస్తానంటే, ఉప్పు దండగ కదా అనేవాడిని. ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కదిరి పక్క పల్లె. వేరుశెనగ చేలు తప్ప తోటల సంగతి మాకు తెలియదు. పెళ్ళయ్యాక హోసూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నా భార్య సుజాతకు షుగరు ఉంది. రోజూ సాయంత్రం నడవాల్సిందేనని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె ఒక్కరోజు మానలేదు. వాన పడుతున్నా గొడుగు పట్టుకుని పోయేది. నిన్ను చూసి ఎదురింటివాళ్ళు గడియారం సరిచేసుకుంటారని నేను ఆటపట్టించేవాడిని.

ఒక సాయంత్రం మా లేఅవుట్‌లోనే, ఇంకా వెలుతురు ఉండగానే, బైకు మీద ఇద్దరు వచ్చి ఆమె మెడలో గొలుసు తెంపుకుపోయారు. గొలుసు పోతే పోయింది. మెడ మీద గీత కూడా కొన్నాళ్ళకు మానింది. నడక మాత్రం ఆగిపోయింది. వెనక బైకు చప్పుడైతే చాలు, చెయ్యి మెడ మీదికి పోయేది. నేను తోడు వస్తానన్నా గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగేది. మేడ మీద నడవమంటే కళ్ళు తిరుగుతున్నాయనేది.

షుగరు పెరుగుతూ పోయింది. మాత్రలు పెంచినా దిగలేదు. నడక లేకపోతే ఇక నా చేతుల్లో ఏమీ లేదమ్మా అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. మా అత్తగారికి ఈ జబ్బుతోనే కాలు తీసేశారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. కానీ సుజాత కూర్చుని ఊరికే తన పాదాలు తడుముకుంటూ ఉండేది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి, అమ్మను కొన్నాళ్ళు ఎక్కడికైనా తీసుకుపోండి, కొత్తచోట కాళ్ళు అవే కదులుతాయి అంది. సరేనన్నాం. చోటు ఎంచుకోవడమే పెద్ద పనైపోయింది. సుజాతకు కొండలూ అక్కర్లేదు, జలపాతాలూ అక్కర్లేదు. ఎక్కడికి ఫోన్ చేసినా ఆమెది ఒకటే ప్రశ్న. సాయంత్రం ఆడమనిషి ఒక్కతే నడవచ్చా?

ఏర్కాడులో లాడ్జివాడు లోపలే పార్కు ఉందన్నాడు. ఆ పార్కు ఫోటో చూస్తే మా మేడంత ఉంది. డెంకణికోట వైపు ఒక రిసార్టువాళ్ళు, పొద్దు వాలితే ఏనుగులొస్తాయి, గేటు దాటొద్దన్నారు. ఇంకో చోట అడుగడుగునా కెమెరాలు పెట్టామని గొప్పగా చెప్పారు. మా లేఅవుట్‌లోనూ కెమెరాలున్నాయి కదా అని సుజాత ఫోన్ పెట్టేసింది. గొలుసు తెంచినవాళ్ళ బైకు అందులో శుభ్రంగా కనిపించింది. దానితో ఒరిగిందేమీ లేదు.

చివరికి ఫ్యాక్టరీలో నా తోటి ఉద్యోగి ఒకతను వేప్పనపల్లి అవతల తమ బంధువుల మామిడితోట గురించి చెప్పాడు. తోట పక్కనే ఇల్లు, మేడ మీద రెండు గదులు, అడిగినవాళ్ళకు ఇస్తారు. చుట్టూ తెలుగువాళ్ళ పల్లెలే. యజమాని పేరు మునిరెడ్డి. ఫోన్‌లో సుజాత తన ప్రశ్న అడిగితే ఆయన భార్య జయమ్మ నవ్వింది.

"మా ఆడోళ్ళంతా పొద్దు మునిగినంక పాలు పోసేదానికి నడిచే కదమ్మా పోతాన్నారు. నువ్వూ పో."

ఆ మాట సుజాతకు నచ్చింది.

మేం వెళ్ళినప్పుడు మామిడి కాపు మంచి ఊపులో ఉంది. కాయల లారీలు కృష్ణగిరిలోని గుజ్జు ఫ్యాక్టరీలకు పోతున్నాయి. మొదటి సాయంత్రం మేం బయల్దేరుతుంటే జయమ్మ వెనక్కి పిలిచి ఒక పద్ధతి చెప్పింది.

"తోట దోవన పోయేటప్పుడు ఊరికే పోగూడదమ్మా. కేక ఏసి పోవాల. కావిలోడు దొంగలనుకొని వడిసెలతో రాయి ఇసురుతాడు. 'దారిన పోతాన్నామప్పా' అంటే సాలు. 'పోండి' అంటాడు."

కాపు ఉన్నన్నాళ్ళూ ఆ పక్కంతా ఇదే ఆచారమట. ఇంటి దగ్గర నుంచి తారు రోడ్డు మీది పాలకేంద్రానికి రెండు బండిదారులున్నాయి. పైదారి మునిరెడ్డి తోట మధ్యగా పోతుంది. అందులో క్రేట్ల ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, దుమ్ము. అందుకని మేం కిందిదారి పట్టాం. అక్కడా ఎడమవైపు తోటే, చుట్టూ ముళ్ళకంచె. మలుపు దగ్గర నేనే మొహమాటంగా కేక వేశాను.

"పోండమ్మా, పోండి!" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. మగగొంతు, వయసు మళ్ళినది. నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడినట్టుంది. మనిషి కనబడలేదు. గుబురు చెట్లు, కనబడకపోవడంలో వింతేమీ లేదు.

సుజాత నా చెయ్యి వదిలేసింది. అక్కడి నుంచి పాలకేంద్రం దాకా మామూలుగా నడిచింది.

ఆ తర్వాత రోజూ అదే దారి. కేక వేసే పని ఆమె తీసుకుంది. గొంతు రోజూ పలికింది. ఒకసారి, మబ్బు పట్టినప్పుడు, "బిరీన పోండి, వాన వస్తాది" అని కూడా అన్నాడు. మేం పాలకేంద్రం చేరేసరికి వాన అందుకుంది. సుజాత ముఖం తేటపడింది. అన్నం తినేటప్పుడు జయమ్మతో కబుర్లు మొదలుపెట్టింది. నేనైతే ఖర్చు లేని వైద్యం దొరికిందని లోలోపల సంతోషించాను.

ఒక మధ్యాహ్నం షెడ్డులో కాయలు ఏరుతున్న చోట మునిరెడ్డి దగ్గర కూర్చుని, మీ కిందితోట కావలి మనిషి మంచివాడండీ, రోజూ పలుకుతాడు అన్నాను. ఆయన చేతిలోని కాయ కింద పెట్టాడు.

"కింద దోవలోనా పోతాన్నారు? ఆడ కావిలెవరూ ల్యా సార్. అది మా దాయాదుల తోట. ఈ ఏడు మంచుకు పూతంతా రాలిపోయింది. కాయే లేనప్పుడు కావిలెందుకు? మా కావిలోడు ఉండేది పైతోటలో."

జయమ్మ చెప్పింది పైదారి గురించి. మేం పైదారిని వదిలేస్తామని ఆమె అనుకోలేదు. మేమేమో అన్ని తోటలకూ కావలి ఉంటుందనుకున్నాం. చెట్ల మీద కాయ ఉందో లేదో కూడా చూడలేదు. ఊళ్ళో పసిపిల్లవాడైనా చూసేవాడు.

అక్కడ ఎప్పుడైనా ఎవరైనా చనిపోయారా అని అడిగాను. అడిగినందుకు నాకే సిగ్గేసింది. మునిరెడ్డి గట్టిగా నవ్వాడు. "ఆడెవరూ సావలేదు సార్. దెయ్యం కత కోసరం వచ్చింటే మీరు తప్పు ఊరికొచ్చినారు. ఎవుడో మేకలోడు ఉంటాడు పోండి."

మేకలోడు అనే మాట నాకు సబబుగానే తోచింది. అయినా చూడకుండా వదలడం నా వల్ల కాదు. ఆ సాయంత్రం ఫోన్ సిగ్నలు కోసం ముందు పోతానని సుజాతతో చెప్పి, కంచెలో సందు చూసుకుని తోటలోకి వెళ్ళాను. ఎండ ఇంకా తోట వెనక గుట్ట మీద ఉంది. ఏ చెట్టుకూ ఒక్క కాయ లేదు. మేకల పెంటిక కూడా కనబడలేదు. మధ్యలో కావలి గుడిసె ఉంది. కప్పు కూలి లోపలంతా ముళ్ళతీగ అల్లుకుంది. చాలాకాలంగా అందులో ఎవరూ పడుకోలేదని చూడగానే తెలుస్తుంది. తోటంతా తిరిగాను. కేకలు వేశాను. ఎవరూ పలకలేదు.

గుడిసె ముందర నిలబడి ఉండగా మలుపు దగ్గర సుజాత కనిపించింది. అక్కడి నుంచి గుడిసె దాకా చెట్లు పలచగా ఉన్నాయి. ఆమె రోజూలాగే కేక వేసింది.

"దారిన పోతాన్నానప్పా!"

"పో తల్లీ, పో. మేముండాము."

ఆ మాట నా ఎడమ పక్క నుంచి వచ్చింది. దూరం నుంచి కాదు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి. చటుక్కున తిరిగాను. ఎవరూ లేరు. నేల మీద ఎండుటాకులు దట్టంగా ఉన్నాయి. నేను తిరిగితే నా కాళ్ళ కిందే అవి కరకరలాడాయి. ఇంకెవరు కదిలినా వినబడాలి. ఏమీ వినబడలేదు. నా నోటి నుంచే వచ్చిందా అని కూడా ఆలోచించాను. నా నోరు ఎండిపోయి ఉంది, నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది.

నేను భయపడ్డాను. ఈ మాట రాయడానికి నాకేమీ నామోషీ లేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. సుజాత తోటవైపు చెయ్యి ఊపి, ముందుకు నడిచి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. గొలుసు పోయిన తర్వాత ఆమె ఒక్కతే నడవడం అదే మొదలు. నేను తేరుకుని పాలకేంద్రం చేరేసరికి పాలు పోసే ఆడవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతోంది.

ఆ నవ్వు చూశాక, ఆ తోటకు కావలే లేడన్న సంగతి ఆమెకు చెప్పకూడదనుకున్నాను.

తిరిగి హోసూరు వచ్చాం. వచ్చిన మర్నాడే ఆమె చెప్పులేసుకుని గేటు దాటింది. బైకు చప్పుడైతే ఇప్పటికీ పక్కకు జరుగుతుంది, కానీ ఆగదు. షుగరు దిగింది. డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు కూడా. నేను మాత్రం ఆ గొంతు గురించి వదలకుండా ఆలోచించాను. గుట్ట నుంచి ప్రతిధ్వని అనుకుందామంటే, ప్రతిధ్వని మన మాటే మనకు తిరిగి చెబుతుంది కానీ జవాబు చెప్పదు. నా భ్రమ అనుకుందామంటే ఇద్దరం విన్నాం. ఎవరైనా ఆటపట్టించారనుకుందామంటే, నా పక్కన దాక్కునే చోటు లేదు. ఏ కారణమూ కొలతకు నిలబడలేదు.

ఇప్పుడు మళ్ళీ మామిళ్ళ కాలం వచ్చింది. ఈసారి సముద్రం చూద్దామని నేను నాలుగైదు ఊళ్ళ పేర్లు చెప్పాను. సుజాత వినలేదు. నన్ను అడగకుండానే జయమ్మకు ఫోన్ చేసి గది చెప్పేసింది. నిన్న బట్టల దుకాణానికి పోదాం రమ్మంది. ఎవరికంటే, కావలి ఆయనకు ఒక పంచె తీసుకుపోదాం అంది.

ఎందుకులే అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఎందుకేంది? ఆయప్ప పుణ్యానే కదా నేను నడిచింది. ఆ పొద్దు ఒక్కదాన్నే పోతా వెనక్కి తిరిగిపోదామనుకున్నా. కేక ఏసి చూస్తే గుడిసె కాడ మీరూ ఆయప్పా పక్కపక్కన నిలబడుకొని ఉంటిరి. ఇద్దరున్నారు కదా, నాకేం భయం అనుకుని పోయినా."

నేను నోరు తెరిచాను. అక్కడ నేనొక్కడినే ఉన్నానని చెప్పాలి. చెబితే ఆమె కాళ్ళు మళ్ళీ గేటు దగ్గరే ఆగిపోతాయి. నా పక్కన ఎవరున్నారో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు.

దుకాణంలో ఆమె రెండు పంచెలు చేతిలో పట్టుకుని అడిగింది. "దగ్గరనుంచి చూసింది మీరే కదా. నాకైతే మీకన్నా ఎత్తు మనిషి మాదిరి కనిపించె. పొడుగుది తీసుకుందామా, ఇది సరిపోతాదా?"

పొడుగుదే తీసుకో అన్నాను.