కొత్త పంచె మీది ఎరుపు

నిన్న విల్లియనూరులో మా ఇంట్లో ఊరగాయకని నిమ్మకాయలు కోస్తూ కూర్చున్నాను. వేలి మీద ఎప్పుడు తెగిందో తెలియని గాటులోకి రసం దిగి చుర్రుమంది. విసుక్కోవలసింది పోయి నవ్వొచ్చింది. నిమ్మరసం వాసనకు నాకు ఇప్పటికీ రాజేశ్వరి అత్తే గుర్తొస్తుంది. ఆమెతో పాటు, గుండె మీంచి పెద్ద బరువు దిగిన ఒక మధ్యాహ్నం కూడా.

అత్త మాకు చుట్టం కాదు. పుదుచ్చేరి టౌన్‌లో మా పక్కింటావిడ. ఒక కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్లు గాజుసీసాలు కడిగి, వాటిలో ఏం పోస్తే ఏమవుతుందో చూసీ చూసీ బోలెడంత తెలుసుకుంది. వీధిలో కొందరు "సీసాలు కడిగే రాజేశ్వరి" అని వెటకారం చేసేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. సాయంత్రాలు తిన్నె మీద కూర్చుంటే పిల్లలం చుట్టూ చేరి అడ్డమైన ప్రశ్నలన్నీ వేసేవాళ్లం. తెలుగు రాయడం రాదు కాబట్టి మా ప్రశ్నలను తెలుగు మాటల్లోనే, అరవ అక్షరాలతో ఒక నోటుబుక్కులో రాసుకునేది. జవాబు మాత్రం తొందరగా చెప్పేది కాదు.

ఒకసారి చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట ఎందుకు పడుతుందని అడిగాను. "చెంబు కారతా ఉండాదేమో. లోపల ఇంకు పోసి చూడు, బయట ఏ రంగు వస్తాదో" అంది. పోశాను. బయటి చుక్కలకు ఏ రంగూ లేదు. చెంబు కారడం లేదు, మరి ఈ నీళ్లు ఎక్కడివని ఆమె మొహం చూశాను. "గాల్లో ఉండే తేమ పాపా. నేను చెప్పినానని నమ్మబాక, ఇంకోసారి చేసి చూడు" అంది. ఇంకోసారి చేసే లోపే అమ్మ ఇంకు చెంబును చూసి నా వీపు విమానం మోత మోగించింది.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్నకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఇక ఆలస్యం చేయొద్దని డాక్టరు అమ్మతో గట్టిగా చెప్పాడు. మర్నాడు ఉదయం ఆసుపత్రిలో చేరాలి. నాన్న కట్టుకెళ్లడానికి నాయనమ్మ కొత్త పంచె తెప్పించి, మా ఇంటి పద్ధతి ప్రకారం నాలుగు మూలలా పసుపు పెట్టమని నాకు పురమాయించి, ఓ కునుకు తీయడానికి వెళ్లింది. మాది పూజాసామాన్ల అంగడి. పసుపుకు కొదవ లేదు, గిన్నె నిండా కలిపాను. చేయి తగిలి అదంతా పంచె మధ్యలో ఒలికింది. తిట్లు తప్పవని పెరట్లోకి పరుగెత్తి బట్టల సబ్బుతో రుద్దాను. రుద్దిన చోటల్లా నెత్తురు మరకల్లా ఎర్రగా తేలింది. సరిగ్గా జాడించను కూడా జాడించకుండా ఎండలో ఆరేసి, ఎప్పట్లా మడిచి పళ్లెంలో పెట్టేశాను.

నాయనమ్మ లేచి పంచె విప్పి చూసి కూలబడింది. "కొత్త గుడ్డ మీద నెత్తురు. నా కొడుకు యాడికీ పొయ్యేది లేదు" అంది. అమ్మ బతిమాలింది. నాన్న గోడకు ఆనుకుని, "అమ్మ ఇంత భయపడతా ఉంటే ఎట్ల పొయ్యేది" అన్నారు. ఆయనా బెదిరిపోయారని చూస్తేనే తెలుస్తోంది. నేనే చేశానని చెప్పకుండా తలుపు చాటున నక్కాను. పచ్చటి పసుపు నా చేతిలో నెత్తురైంది కాబట్టి, నాన్న ప్రాణం మీదికి నేనే తెచ్చానని నమ్మాను.

పక్కింటికి పరుగెత్తాను. "ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు, ఏదీ దాచబాక" అంది అత్త. అంతా విని తిట్టలేదు. పాత చీర పేలిక మీద పసుపు రాసి, నా చేతికి సబ్బు ఇచ్చింది. రుద్దితే ఎర్రబడింది. నిమ్మచెక్క ఇచ్చింది. పిండితే పచ్చబడింది. "ఇంకోసారి" అంది. మూడోసారి ఆమె చెప్పకముందే నేనే సబ్బు అందుకున్నాను.

"ఇప్పుడు పోయి మీ నాయనమ్మకు నువ్వే చెప్పల్ల. నేను పక్కన ఉంటా" అంది.

చెప్పాను. నాయనమ్మ నమ్మలేదు, నాన్నను పంపడానికి మేమంతా కూడబలుక్కున్నామనుకుంది. అత్త ఆమె పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, దిష్టి తీసేదానికి ఎర్రనీళ్లు ఎట్ల కలుపుతావు?"

"ఇప్పుడు ఆ మాట ఏంది? నీళ్లలో పసుపు, ఇంత సున్నం."

"పసుపు పచ్చన, సున్నం తెల్లన. ఎరుపు యాడ్నించి వచ్చె?"

అరవై ఏళ్లుగా ఆ నీళ్లు నాయనమ్మే కలుపుతోంది.

"సున్నం చేసే పనే సబ్బూ చేసింది. నువ్వే పిండి చూడు" అని అత్త నిమ్మచెక్కను ఆమె చేతిలో పెట్టింది. నాయనమ్మ పంచె మీది మరక మీద పిండింది. ఎరుపు మా అందరి కళ్ల ముందే పచ్చబడింది. "ఇంకో చెక్క ఇయ్యి" అంది నాయనమ్మ. ఒక్క మరకనూ వదల్లేదు. చివరికి నాన్న వైపు తిరిగి, "పొద్దున ఆటో ఎన్ని గంటలకు చెప్పినావురా?" అని అడిగింది. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నాకైతే ఒక్కసారిగా ఆకలేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నాన్న ఇంటికొచ్చాక ఒక రోజు అత్తను అడిగాను, నిమ్మ పిండినా పచ్చబడకపోయుంటే ఏం చేసేదానివని.

"నాకు తెలీదని చెప్పుంటా. తెలీని దాన్నంతా తెచ్చి నీ నెత్తిన వేసుకోవాల్సిన పని లేదు పాపా."

నాన్న ఇంకో పన్నెండేళ్లు అంగడి నడిపి, ఒక ఉదయం అక్కడే కూర్చున్న చోట పోయారు. అప్పటికి అత్త కూడా లేదు. ముందు రోజే ఏదో చిన్న విషయానికి నేను నాన్నతో పోట్లాడాను. ఇంటికొచ్చిన చుట్టాలు తలా ఒక కారణం చెబుతున్నారు, ఎవరు ఎదురొచ్చారో, ఎవరు ఏమన్నారో తవ్వుతున్నారు. నేను మాత్రం నా వల్లే అనుకోలేదు. నాన్న లేరని ఏడ్చాను. ఆ ఏడుపులో భయం లేదు.